రాతి అట్ట

వంటింటి గట్టు పగలగొట్టి గ్రానైటు వేయడానికి వచ్చిన మేస్త్రీ, పొయ్యి పక్కనున్న నల్లబండ ముక్కను తీసి చెత్తతో పాటు తలుపు దగ్గర పెట్టాడు. పెట్టి, నా మొహం చూసి, "ఇది గూడా కావాల్నా మేడం?" అన్నాడు. కర్నూలులో మూడో అంతస్తులో నేనొక్కదాన్నే ఉండే ఇల్లు ఇది. ఇందులో ఉన్న సామాన్లు చాలావరకు ఎందుకున్నాయో అడిగితే నాకే తెలియదు. ఆ బండ సంగతి మాత్రం తెలుసు. "కావాలప్పా, లోపల పెట్టు" అన్నాను. "దీనిమీద ఏం జేస్తారు?" అన్నాడు. "రొట్టెలు తడతాను" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ అది రొట్టెల కోసం చేయించిన బండ కాదు. పదో తరగతి పరీక్షలు రాయడానికి చేయించిన అట్ట. పిల్లలందరూ క్లిప్పు పెట్టిన అట్టలు పట్టుకుని పరీక్షకు వస్తే నేను బండ పట్టుకుని పోయాను. ఈ మాట మేస్త్రీతో అంటే పనంతా వదిలేసి కూర్చుని నవ్వుతాడని చెప్పలేదు.

మా ఊరు బేతంచెర్లకు మూడు మైళ్ళు, గనుల నడుమ ఉంటుంది. మా వైపు బల్లపరుపుగా ఏది కావాలన్నా బండే. మిద్దె మీద బండలు, కింద బండలు, నీళ్ళ బిందెలకు బండ, బట్టలుతకను బండ, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన అలమర బండ. మనిషి పోతే మీద పరిచేదీ అదే. మా ఇంట్లో తెల్లవారడం అంటే అమ్మ బండ మీద జొన్నరొట్టె తట్టే చప్పుడు. దాని వెంటనే పెనం మీద పిండి మాడే వాసన, రోట్లో నూరే చెనిక్కాయల ఊరిబిండి వాసన, వీటన్నిటి మీదా సన్నగా రాతిపొడి వాసన. వీధిలో చింతచెట్టు ఆకులు వాన పడితే తప్ప పచ్చగా కనిపించేవి కావు. మా జేజి, అంటే మా నాన్నను కన్న తల్లి, పొద్దున్నే ఆకువక్క సంచి నడుముకు దోపుకుని వాకిట్లో బండ మీద కూర్చునేది. మలుపులో లారీ కనబడక ముందే చప్పుడు విని, అది ఖాళీగా పోతోందో లోడుతో పోతోందో చెప్పేది. ఇంట్లో ఎవరేం చేయాలో కూడా అక్కడ నుంచే చెప్పేది. మా నాన్న గనిలో ఎంతమంది మీద కేకలు వేసేవాడో నాకు తెలియదుగానీ, ఆమె ముందు మాత్రం తువ్వాలు భుజం మీద నుంచి తీసి చేత్తో పట్టుకుని నిలబడేవాడు.

ఊళ్ళో బడి అయిదో తరగతి వరకే. ఆ పైన చదవాలంటే బేతంచెర్ల హైస్కూలుకు పోవాలి. మగపిల్లలు పోయేవాళ్ళు. నేనూ పోతానని ఏడ్చినప్పుడు జేజి రెండు రోజులు వక్క నమిలి ఒక మాట చెప్పింది. "ఆడపిల్ల ఒక్కతే ఈ గనిదోవన పోగూడదు. ఇద్దరుంటే పోండి. ఒకరే అయితే ఇంట్లో ఉండండి." మగపిల్లలతో కలిసి పోతానంటే అది లెక్కలోకి రాలేదు. ఆ రెండో మనిషి కోసం నేను ఊరంతా తిరిగాను. దొరికింది దస్తగిరమ్మ.

దస్తగిరమ్మ వాళ్ళు దూదేకులవాళ్ళు. ఇంట్లో మాట్లాడేది మా తెలుగే. నమాజు వాళ్ళది వాళ్ళది, పీర్ల పండగ మాత్రం ఊరందరిదీ. వాళ్ళ నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. వాళ్ళింటికి పోతే గాలిలో దూదిపోగులు తేలుతూ కనిపించేవి. దస్తగిరమ్మ ఎంత దువ్వుకున్నా తలలో ఒకటో రెండో చిక్కుకుని ఉండేవి. అయ్యవార్లు "అప్పుడే నెరిసిందా?" అని ఆటపట్టించేవాళ్ళు. దానికి సిగ్గు అనేది తెలియదు. "మా నాయన పని సార్ అది, కడిగినా పోదు" అనేది. చదువులో నాకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. మాటల్లో మాత్రం నాలాంటివాళ్ళు పదిమందికి సరిపోయేది. దోవలో ఎప్పుడూ లారీలు పోయే వైపు తనే నడిచేది. నన్ను లోపలి వైపు, కంపచెట్ల పక్కకు నెట్టేది. ఎందుకంటే, "నీకు సగం దోవ నిద్రలోనే ఉంటాది, నీ మీదికి లారీ వస్తే మీ జేజికి నేను జవాబు చెప్పాల" అనేది.

రెండేళ్ళు అట్లా పోయాం. ఏడో తరగతి అయిన ఎండాకాలంలో వాళ్ళ నాయనకు దగ్గు ముదిరింది. ఎన్నో ఏళ్ళు దూది పీల్చిన రొమ్ము అది. ఆయన మంచాన పడితే, వెనక ఇంకా నలుగురు పిల్లలు. పెద్దది దస్తగిరమ్మ. బడులు తెరిచే వారానికి అది బేతంచెర్లలో పాలీషు ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. అమ్మ నా పుస్తకాల సంచి ఉతికి, మడిచి, అలమర బండ మీద పైకి పెట్టింది. దాంతో అర్థమైపోయింది. నేను రొట్టె ముట్టకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాను. మా నాన్న ఒకసారి వచ్చి నిలబడి, వాకిట్లో జేజి వైపు చూసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం దస్తగిరమ్మ వచ్చింది. మోకాళ్ళ దాకా తెల్లబురద ఎండిపోయి ఉంది. పాలీషు మిషను కింద నీళ్ళలో నిలబడితే అట్లానే అవుతుంది. లోపలికి రాకుండా మెట్టు బండ మీద నిలబడి జేజితో అన్న మాటలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి.

"జేజీ, లక్ష్మిని బడి మాన్పిస్తాండారంటనే?"

"నువ్వు మానితివి గదమ్మా. ఒక్కతే ఎట్ల పోతాది?"

"నేను బడి మానినా గానీ బేతంచెర్లకు పోయేది మానల్యా గదా. దినమూ అదే దోవన పోతాండా, అదే దోవన వస్తాండా. నేనే పిల్చకపోతా, నేనే పిల్చకొస్తా. ఇద్దరుండాల అంటివి. ఇద్దరుంటాం."

జేజి వక్క నమలడం ఆపింది. తన మాటకే తను కట్టుబడాల్సి వచ్చింది ఆమెకు. "నువ్వు ఒక దినం పనికి పోకపోతే, ఆ దినం ఇది గూడా పోదు. గుర్తు పెట్టుకో" అంది. "పోకుండా యాడికి పోతా జేజీ, పోకపోతే మా ఇంట్లో పొయ్యి ఎట్ల మండుతాది?" అని నవ్వింది దస్తగిరమ్మ. అమ్మ లేచి అలమర బండ మీద నుంచి నా సంచి తీసింది. నాకు ఆ పూట సంతోషం తప్ప ఇంకేమీ తోచలేదు. పదమూడేళ్ళ పిల్లకు ఇంకేం తోస్తుంది.

ఫ్యాక్టరీ బడి కంటే ముందు తెరుస్తారు, బడి వదిలాక చాలాసేపటికి మూస్తారు. కాబట్టి పొద్దునా సాయంత్రమూ నేను ఫ్యాక్టరీ ఆవరణలో, అమ్మకానికి నిలబెట్టిన బండల వరసల మధ్య కూర్చునేదాన్ని. అక్కడి మేస్త్రీని దస్తగిరమ్మే ఒప్పించింది. మిషను తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. ఆ చప్పుడులో బడిలో ఇచ్చిన లెక్కలు చేయడం నాకు అలవాటైపోయింది. ఇప్పుడు ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దంలో ఒక ఉత్తరం ముక్క రాయాలన్నా చేయి సాగదు. దూరంగా దస్తగిరమ్మ మరీ చిన్నగా కనిపించేది. తలకు గుడ్డ చుట్టుకుని, వంగి, బండ మీద నీళ్ళు పోస్తూ ఉండేది. అప్పుడప్పుడు తలెత్తి నేనున్నానో లేదో చూసేది.

బడిలో మా తరగతికి ఆడపిల్లను నేనొక్కదాన్నే. మొదటి బెంచీ మొత్తం నాదే. నలుగురు కూర్చునే బెంచీ మీద నేనూ, నా సంచీ. మగపిల్లలు నాతో మాట్లాడరు, నేను వాళ్ళతో మాట్లాడను. అయ్యవారు ప్రశ్న అడిగితే లేచి జవాబు చెప్పి కూర్చోవడమే. మధ్యాహ్నం రొట్టె గోడ వైపు తిరిగి తినేదాన్ని. పొద్దున దోవలో ఆగిన నోరు మళ్ళీ సాయంత్రం దోవలోనే తెరుచుకునేది. ఒంటరితనం అనే మాట అప్పుడు నాకు తెలియదు. కడుపులో ఏదో బరువుగా ఉంటే జొన్నరొట్టె అరగలేదు అనుకునేదాన్ని. తర్వాత జీవితంలో ఆ బరువు ఎప్పుడొచ్చినా, ఆ బెంచీ చివరలో ఖాళీగా నున్నగా ఉన్న చెక్క గుర్తొస్తుంది.

ఫ్యాక్టరీ గేటు దాటగానే దస్తగిరమ్మ మొదటి మాట ఒకటే. "ఈ పొద్దు ఏం జెప్పినారు?" అలసిపోయి ఉన్నా, చేతులు పగిలి మండుతున్నా ఆ మాట మానలేదు. నేను చెప్పాలి. తప్పించుకోవడానికి "ఏమీ చెప్పలేదు" అంటే, "మరి అంతసేపు ఏం జేసినావే, అంత దూరం నడిచి?" అని నిలదీసేది. లెక్కలంటే దానికి నవ్వు. "ఎక్సు అంటే ఎవురో వాళ్ళకే తెలీదు, నిన్ను కనుక్కోమంటారా?" అనేది. భూగోళం అంటే ప్రాణం. నదులు ఎక్కడ పుడతాయి, సముద్రంలో ఉప్పు ఎందుకుంటుంది, మంచు పడే దేశాల్లో బండల పని చేస్తారా, వీటికి మా అయ్యవారు కూడా జవాబు చెప్పలేకపోయేవారు. నేను ఆ ప్రశ్నలు నావన్నట్టు తరగతిలో అడిగేదాన్ని. తెలివైన పిల్లని నాకు పేరు వచ్చింది.

తొమ్మిదో తరగతిలో ఒకసారి దానికి జ్వరం వచ్చింది. ముందు రోజే ఒళ్ళు కాలుతోంది. మరునాడు నాకు పరీక్ష. రాదులే అనుకుని నేను సంచి కూడా సర్దుకోలేదు. పొద్దున వాకిట్లో నిలబడి "లక్ష్మీ, టైమైతాండాది" అని కేకేసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవులు ఎండిపోయాయి. దోవలో రెండుసార్లు కూర్చుంది. ఆ రోజు మాట్లాడలేదు. లారీ వైపు మాత్రం తనే నడిచింది. వెనక్కి వచ్చాక వాళ్ళమ్మ దాన్ని తిట్టడం మా ఇంటి దాకా వినిపించింది. జేజి చెంబు నిండా మిరియాల కషాయం కాచి, తనే కర్ర పట్టుకుని వాళ్ళింటికి తీసుకుపోయింది. మా జేజి ఒకరి ఇంటికి తనంతట తానుగా పోవడం అంతకుముందు నేను చూడలేదు.

ఇక ఆ అట్ట సంగతి. మా బడి బెంచీల చెక్కలు పగిలి, సందుల్లోంచి కలం కాగితాన్ని పొడుచుకుని కిందికి దిగేది. పెద్ద పరీక్షకు అట్ట లేకపోతే కుదరదన్నారు. నాన్న తెస్తానని తెస్తానని మరిచిపోయాడు. నేను దోవలో ఆ దిగులు చెప్పుకున్నాను. "అట్ట అంటే ఎట్లుంటాది?" అంది దస్తగిరమ్మ. "నున్నగా, బల్లపరుపుగా, ఇంత వెడల్పు" అని చేతులతో చూపించాను. మా ఊరి మనిషికి అంతకు మించి చెప్పకూడదు. నాలుగు రోజులకు, పలచటి నల్లబండ ముక్కను నాలుగు అంచులా కోయించి, తిండి పూట మానుకుని పాలీషు పట్టి, అద్దమంత నున్నగా చేసి తెచ్చింది. కాగితాలు జారకుండా పైన పరుపులు కుట్టే దారం రెండు చుట్లు కట్టింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "ఇంత బరువు ఎవురు మోస్తారే?" అన్నాను. "నీకెందుకు, రాసేది నువ్వు గదా" అంది.

పరీక్షలున్నన్ని రోజులూ తలమీద గుడ్డచుట్ట పెట్టుకుని, దానిమీద ఆ బండ పెట్టుకుని నా పక్కన నడిచింది. మేస్త్రీని అడుక్కుని, బడి గేటు దగ్గర దించి నా చేతికిచ్చి, ఆలస్యంగా పనికి పోయేది. సాయంత్రం మళ్ళీ తలకెత్తుకునేది. మొదటి రోజు నేను దాన్ని బెంచీ మీద పెట్టగానే హాలంతా అదిరింది. పర్యవేక్షణకు వచ్చిన పెద్దాయన దగ్గరికొచ్చి, వంగి, వేలితో తట్టి, "ఏమ్మా, పరీచ్చ రాసను వచ్చినావా, ఇల్లు కట్టుకోను వచ్చినావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ బడిలో నేను పదిమందితో కలిసి నవ్వింది ఆ ఒక్కసారే. కానీ ఆ ఎండల్లో అందరికీ చెమటకు కాగితం చేతికి అంటుకుంటుంటే, నా అరచేతి కింద బండ చల్లగా ఉండేది.

పదో తరగతి గట్టెక్కాను. కర్నూలు హాస్టలులో వేశారు. అక్కడ ఆడపిల్లలు నిండా ఉన్నారు, వార్డెను ఉంది. తోడు అక్కర్లేదు కాబట్టి జేజి అడ్డు చెప్పలేదు. నేను బస్సెక్కిన రోజు దస్తగిరమ్మ పనికి పోయింది. ఆ తర్వాత దానికి ఊళ్ళోనే గనిపని చేసే పిల్లాడితో పెళ్ళయింది. నేను టీచరునయ్యాను, ఊళ్ళు తిరిగాను, పెళ్ళి చేసుకున్నాను, ఆయన పోయారు. అమ్మానాన్నలు పోయాక ఊరికి పోయే పనే లేకపోయింది. ఎన్నో ఏళ్ళ కింద ఒక పీర్ల పండగకు పోతే కనిపించింది. చిక్కిపోయింది. దగ్గుతోంది. అయినా నన్ను పక్కకు లాగి, "ఈ పొద్దు ఏం జెప్పినావే పిల్లోళ్ళకు?" అని అడిగింది. నేను రోడ్డు మీద నిలబడి నదుల పాఠం చెప్పాను. డప్పుల చప్పుడులో ఎంత వినిపించిందో తెలియదు. తలూపుతూ నిలబడింది.

మేస్త్రీ పనైపోయి వెళ్ళిన రాత్రి టీవీ పెట్టాను. ఎక్కడో కొండల దేశంలో ఆడపిల్లలకు పెద్దబడి లేదని అక్కడి ఏలేవాళ్ళు అన్నారంట. పుస్తకాలు ముసుగు కింద దాచుకుని ఎవరి ఇంటికో చదువుకోవడానికి పోతున్న ఇద్దరు పిల్లలను వెనక నుంచి చూపించారు. వాళ్ళ కోసం పెద్ద పెద్ద వాళ్ళు మాట్లాడారు. మాట్లాడాల్సిందే. బడులు కావాలి, చట్టాలు కావాలి, దుడ్లు కావాలి. నేను మాత్రం ఆ ఇద్దరిలో రోడ్డు వైపు నడుస్తున్న పిల్లనే చూస్తూ కూర్చున్నాను. ఆమె చదువుకుంటోందో లేదో ఎవరూ చెప్పలేదు. నాకు దస్తగిరమ్మను చూడాలనిపించింది. ఆ బండ తనకు చూపించి, ఇన్నేళ్ళూ దీనిమీద రొట్టెలు తింటున్నానే అని చెప్పి నవ్వించాలనిపించింది. దాన్ని సంచిలో పెట్టుకుని మరునాడు మొదటి బస్సు ఎక్కాను. బేతంచెర్లలో ఆటో అబ్బాయి సంచి ఎత్తి, "బండల ఊరికి బండ తీసకపోతాండారే" అన్నాడు.

దస్తగిరమ్మ ఇంటి ముందు నలభై ఏళ్ళ మనిషి రొట్టెలు కాలుస్తోంది. నన్ను చూసి లేచింది. దాని కూతురు నూర్జహాన్. నా పేరు చెప్పగానే, "మా యమ్మ చెప్పే లక్ష్మీదేవి పెద్దమ్మ మీరేనా?" అని చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకున్న తీరులోనే నాకు తెలిసిపోయింది. పోయిన ఎండాకాలంలో పోయిందట. దగ్గే. "మీకు చెప్పాలనుకున్యాం పెద్దమ్మా. ఫోన్ నంబరు ఎవురి దగ్గరా లేకపాయ." నేను వాళ్ళ మెట్టు బండ మీదే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. ఆ పాత బరువు వచ్చి కడుపులో కూర్చుంది.

నూర్జహాన్ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. "మా యమ్మకు శానా తెలుసు పెద్దమ్మా. ఏ నది యాడ పుడతాదో, ఏ దేశం యాడుండాదో అన్నీ చెప్పేది. ఎంతవరకు చదివినావమ్మా అంటే ఏడు అనేది. ఏడుకే అన్ని చెప్తారా?" అంది.

"ఏడు కాదు తల్లీ, పది" అన్నాను. ఎట్లా పది అయిందో చెప్పాను. మిషను, దోవ, జ్వరం, బండ, అన్నీ. నూర్జహాన్ పొయ్యి మీద రొట్టె మాడుతున్నా కదల్లేదు. ఆమె కూతురు రేష్మ యూనిఫారం వేసుకుని, జడ అల్లుకుంటూ మధ్యలో ఆగిపోయి వింది. ఆ పిల్ల తొమ్మిదో తరగతి. నేను సంచిలోంచి బండ తీసి మీ దగ్గర ఉంచుకోండి అన్నాను. నూర్జహాన్ కళ్ళు తుడుచుకుంటూనే నవ్వి, "దీన్ని యాడ పెట్టుకుంటాం పెద్దమ్మా, ఇల్లంతా ఇవే గదా. మీ దగ్గరే ఉండనీ. ఆమె చేసింది మీకు" అంది. రేష్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేలితో ఏదో రాసినట్టు చూసి, "శానా బరువుండాది అవ్వా" అంది.

బడి టైమైందని రేష్మతో పాటు నేనూ రోడ్డు మీదికి వచ్చాను. ఇప్పుడు ఊళ్ళోకి బస్సు వస్తుంది. నిండా ఆడపిల్లలు. ఎవరికీ ఎవరి తోడూ అక్కర్లేదు, కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి అరుచుకుంటున్నారు. నాకు సంతోషంగా ఉంది, అంతకంటే ఎక్కువగా దిక్కులేనట్టు ఉంది. "ఎక్కు అవ్వా, బేతంచెర్లకే గదా" అంది రేష్మ. ఒక్కసారి ఆ దోవ నడుస్తానని చెప్పాను. పిల్ల మెట్టు మీద కాలు పెట్టి, నా చేతిలో సంచి చూసి, మళ్ళీ దిగింది.

"అంత దూరం ఒక్కతివే ఎట్ల పోతావు? నేను తోడొస్తా. బండ నేను తెస్తా ఇట్లియ్యి. ఒక్క దినం బడికి పోకపోతే ఏమైతాదిలే."

చెయ్యి చాపి నిలబడింది. అచ్చం దస్తగిరమ్మ నిలబడ్డట్టే, రోడ్డు వైపు. డ్రైవరు హారను కొట్టాడు.

"వద్దు తల్లీ, నువ్వు ఎక్కు" అన్నాను. "మీ అమ్మ నంబరు తీసుకున్నాలే, సాయంత్రం ఫోన్ చేస్తా. ఈ పొద్దు ఏం జెప్పినారో చెప్పు."

బస్సు పోయింది. దుమ్ము తగ్గేదాకా ఆగి, సంచి భుజానికెత్తుకుని బయల్దేరాను. గని మలుపు రాకముందే భుజం లాగింది, సంచి ఈ చేతికీ ఆ చేతికీ మార్చుకున్నాను, ఇంకాస్త దూరం పోయి కంపచెట్ల పక్కన దించి నిలబడ్డాను. ఆ దోవన ఆ బండను నేను మోయడం అదే మొదటిసారి.